తిన్న గడ్డి ఎటు పోతది

రాజేంద్రనగర్ పశువుల కాలేజీల
ఇయ్యాల పరీక్ష.
పిల్లలు తెల్లకోట్లు తొడిగిండ్రు,
నేను తాడు పట్టిన.
ఇరవై రెండేండ్ల సంది నా పని గిదే.
వాళ్లు చూసుడు అయ్యేదాక కదలనియ్యద్దు.

సారు బోర్డు మీద బొమ్మలు గీసిండు.
ఒకటి చీల లెక్క, ముంగట సన్నం, ఎన్క ఎడల్పు.
ఇది పాడి జాతి అన్నడు.
ఒకటి ఇటుక పెళ్ల, ఎటు చూసినా సమం.
ఇది మాంసపు జాతి.
మూడోది గీస్తుంటె సుద్దముక్క ఇరిగింది.
"రెండిట్ల నడుమ ఏదో ఒకటి అనుకోండ్రి."
ఆ ఏదో ఒకటి
నా చేతి తాడుకు ఉన్నది.
రిజిస్టర్ల నలభై ఏడు, దేవణి ఆవు.
నేను పిలిచేది బొల్లి.

ముందుగాల రెండువందల పన్నెండును తెచ్చిండ్రు.
ఎచ్చెఫ్ సంకరం.
దాని తుంటి బొక్కలకు తువ్వాల తగిలియ్యొచ్చు.
పక్కటెముకలు లెక్కవెట్టుకుంట ఒక పిలగాడు
"పాపం, మేత లేదా దీనికి?" అన్నడు.
నవ్వాపుకున్న.
పొద్దుగాల తొట్టి నిండ దాణా పోసింది నేనే గదా.
తిన్నది ఈపుకు అంటనియ్యదు,
తిన్నది తిన్నట్టు పొదుగుల దించుతది.
దాని కడుపు కింద పాలనరం చూడుండ్రి,
మూసీ మలుపులు తిరిగినట్టు తిరుగుతది.

మాంసపు జాతి మా దగ్గర లేదు.
గోడకు ఫొటో ఉన్నది, పరదేశపు నల్లెద్దు.
పొట్టి కాళ్లు,
ఈపు మీద ఇరానీ చాయ పెడితె తొణకదు.
తిన్న గడ్డి ఎటూ పోదు,
ఈపుల, తొడల్ల ఆడ్నే కూసుంటది.
మన ఒంగోలు గిత్తలు ఎన్కట ఓడెక్కి పోయినయట.
ఈడ కాడి మోసిన మూపురం
ఆడ కాంటా ఎక్కిందట.
జాతి గదే.
అడిగేటోడు మారిండు.

టేపులు తీసి కొలుస్తుండ్రు,
ఛాతి చుట్టు, నడుము పొడుగు, చన్నుల ఎడం.
నాలుగింటికి లేసి నేను తిన్న జొన్నరొట్టె
ఎటు పోతదో
ఇన్నేండ్లల్ల ఎవ్వలు కొలవలే.

సుమయ్య అని ఒక పిల్ల ఉన్నది.
వాళ్లబ్బ జియాగూడ మండీల
మేకపోతు ఈపు మీద చెయ్యేసి బరువు చెప్తడట,
కాంటా తర్వాత ఒప్పుకుంటదట.
ఆ పిల్ల టేపు కింద పెట్టింది.
బొల్లి మెడ తడిమింది, ఈపు ఒత్తింది,
వంగి పొదుగును అరచేతుల తూచింది.
బొల్లి పొడుగు చెవులు ఊపింది, అంతే.
"ఏం రాస్తవమ్మా?"
"ఇది కొంచెం పాలకు పంపుతది సార్,
కొంచెం కండకు పంపుతది,
కొంచెం ఎవ్వలకు చెప్పకుంట దాచుకుంటది."
పుస్తకంల గట్ల లేదన్నడు సారు.
మార్కు మాత్రం ఏసిండు.

పూటకు రెండు లీటర్లు ఇస్తది బొల్లి, అదీ మనసైతె.
లెక్కలు రాసేటాయన మూతి ముడుస్తడు.
పోయిన వేలంపాటల దాని కోడెను
జహీరాబాద్ రైతు ఒకాయన
గిట్టలు చూసి, పండ్లు చూసి
ముప్పై ఎనిమిది వేలకు తోలుకపోయిండు.
అప్పుడు ఆయన మూతి ఎట్లున్నదో
చూద్దామంటె తల ఎత్తలే.

ఇగ రెండువందల పన్నెండు
నెల కింద ఈనింది.
మగదూడ.
పాలియ్యడు.
మూపురం లేదు, కాడి పెడ్తె జారుతది.
మార్చి ఎండకే నాలుక ఎల్లవెడ్తడు.
కండ పట్టే రక్తం కాదు.
రిజిస్టర్ల వాని ముందర
పనికొచ్చే గడిల ఒక గీత కొట్టిండ్రు.
వాళ్లమ్మ పాలు క్యానులల్ల
మెహిదీపట్నం దిక్కు పోతయి.

కోట్లు మడత పెట్టుకొని పిల్లలు గేటు దాటిండ్రు.
సుమయ్య ఒక్కతి ఆగింది.
కొట్టం మూలకు చెయ్యి చూపెట్టింది.
"లచ్చుబాయమ్మా, గిదేం రకం?"

ఏం చెప్తా.
వాని నోట్ల నా వేలు పెట్టిన.
చప్పరిస్తుండు,
గట్టిగ, కండ్లు మూసుకొని,
ఇంకొంచెం గుంజితె ఒస్తదన్నట్టు.